తుప్పు మీద రంగు

కడలి దారులు: 12వ భాగం

మొయినాబాద్ మండలం చిలుకూరు బాలాజీ గుడిలో ఏ పొద్దున చూసినా ప్రదక్షిణలు సాగుతూనే ఉంటాయి. వీసా రావాలని 11 తిరుగుతారు, వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108. వీసా చేతికొచ్చిన పిల్లలు శంషాబాద్‌లో విమానమెక్కితే మర్నాటికి ఇంకో ఖండంలో దిగుతారు. ఆ విమానం ఎన్నేళ్లదో, దాన్ని కిందటిసారి ఎవరు విప్పి చూశారో ఏ తల్లీ తండ్రీ అడగరు. చూడాల్సినవాళ్లు చూసే ఉంటారన్న భరోసా వాళ్లది. మూడు నాలుగు తరాల కిందట సముద్రం దాటిన తెలుగువాళ్లకు అలాంటి భరోసా లేదు. ఎక్కబోయే ఓడ కొత్తదో పాతదో, దాని అడుగు గట్టిగా ఉందో లేదో తెలుసుకునే దారి కూడా వాళ్లకు ఉండేది కాదు.

ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నది గత భాగాల్లో చెప్పుకున్నాం. ఈసారి వాళ్లను మోసిన ఓడల సంగతి, అందులోనూ ముసలి ఓడల సంగతి చూద్దాం. ఓడ మునిగిందనో కాలిందనో వార్త రాగానే "పాత ఓడ కదా" అనేస్తాం. ఈ చరిత్ర తవ్వే కొద్దీ ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. 47 ఏళ్లు క్షేమంగా తిరిగిన ఓడ ఉంది, 19 ఏళ్లు నిండకుండానే తగలబడిన ఓడ ఉంది. రెండూ మనవాళ్లను ఒకే దారిలో మోసినవే.

నిజాం రాజ్యానికి సముద్రతీరం లేదు. చేవెళ్ల నుంచి ఎటు చూసినా కడలి వందల కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ రాజ్యం నుంచి హజ్‌కు వెళ్లేవాళ్లు రైలులో బొంబాయి చేరి, అక్కడ మొఘల్ లైన్ ఓడ ఎక్కి జెడ్డా వెళ్లేవారు. ఆ హజ్ ఓడల ప్రయాణం 1995 దాకా సాగింది. కోస్తా జిల్లాలవాళ్లకు మాత్రం ఓడ గుమ్మం ముందే ఉండేది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల ఎదుట బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ లంగరు వేసేది. నల్ల పొగగొట్టం, దాని మీద రెండు తెల్ల పట్టీలు. అవి చూస్తే చాలు, బి.ఐ. ఓడ వచ్చిందని తెలిసిపోయేది. పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ వెళ్లి ఓడెక్కితే బంగాళాఖాతం అవతల రంగూన్. అక్కడ మనవాళ్లను కోరంగి రేవు పేరు మీద కొరంగీలనే పిలిచేవారు. మలయాకు వెళ్లే కూలీలు మాత్రం మద్రాసు పక్కన ఆవడి శిబిరంలో కొన్నాళ్లు ఉండి, మద్రాసులోనో నాగపట్నంలోనో ఓడెక్కాలి.

ఆ మలయా దారిలో తిరగడానికే 1926లో రెండు జంట ఓడలు పుట్టాయి. ఒకటి గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ కంపెనీ కట్టిన రజూలా. రెండోది ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డున హాథార్న్ లెస్లీ కంపెనీ కట్టిన రోనా. ఒక్కోటీ ఎనిమిదిన్నర వేల టన్నుల అటూఇటూ, పొడవు 460 అడుగులకు తక్కువ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన మొయినాబాద్ పక్కన ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్ట లేస్తోంది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద తలపెట్టిన పనిలో ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. అంటే ఈ ఓడలూ ఆ కట్టా ఒకే ఈడువి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

రజూలా పైఅంతస్తులో గదులున్న ప్రయాణికులు కొద్దిమందే. డెక్కు టికెట్టు మీద మాత్రం ఐదువేలకు పైగా జనాన్ని ఎక్కించుకోవచ్చని తొలినాళ్లలో అనుమతి ఇచ్చారు. ఒక్క ఓడలో ఐదువేలమంది! మన దగ్గర పెద్ద ఊరంతటి జనం. చాప పరుచుకున్నంత మేరా ఇల్లు, పక్కన ట్రంకుపెట్టె గోడ. పొద్దున్నే సరంగు మనుషులు గొట్టంతో డెక్కు కడుగుతుంటే ఒక పక్కవాళ్లంతా చాపలు చుట్టుకుని రెండో పక్కకు జరగాలి, అది కడిగాక మళ్లీ ఇటు. పెనాంగ్ దగ్గర పులావ్ జెరెజాక్ దీవిలో క్వారంటైన్. అక్కడి నుంచి తోటలకు. పెరాక్‌లోని బాగన్ దాతో చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ముత్తాతల కథ ఇలాంటి చాప మీదే మొదలవుతుంది.

ఇక ఓడను బతికించే పని సంగతి. ఉప్పునీళ్లు తగిలే చోట ఇనుము ఒక్క రోజు కూడా ఊరుకోదు. దాన్ని ఎదుర్కొనేది మోటుగా కనిపించే ఒక చిన్న సుత్తి, దాని మొన ఉలిలా ఉంటుంది. దాంతో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తుప్పు మీద టకటకా కొడుతూ కూర్చోవాలి. పెచ్చులు ఊడిపోతాయి. వైరు బ్రష్‌తో గీకితే అసలు ఇనుము మెరుస్తూ బయటపడుతుంది. అది మెరిసేదాకా గీకడం ముగిసినట్టు కాదు. తర్వాత ఎర్రని సిందూరపు పూత, రెడ్ లెడ్ అంటారు. అది ఆరాక ఇంకో పూత, ఆ మీద పై రంగు. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఓడ తోక దాకా వచ్చేసరికి ముక్కు దగ్గర మళ్లీ తుప్పు పొడుస్తుంది. ఓడ ఉన్నన్నాళ్లూ ఈ పని ఉంటుంది.

అడ్డదారి ఒకటి ఎప్పుడూ ఉంది. తుప్పు గీకకుండా దాని మీదే రంగు వేసేయడం. రేవులో నిలబడి చూసేవాళ్లకు ఓడ పెళ్లికూతురిలా కనబడుతుంది. లోపల, రంగుపొర కింద చేరిన తేమ ఇనుమును తింటూనే ఉంటుంది. పైకి రంగు ఉంది కాబట్టి ఇక ఆ చోటు ఎవరూ చూడరు. గీకకుండా వదిలేసిన తుప్పుకంటే రంగు కప్పిన తుప్పు ప్రమాదం.

నీటి గీతకు కింది భాగాన్ని నడిసముద్రంలో ఎవరూ గీకలేరు. దానికి డ్రై డాక్ కావాలి. ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లు తోడేస్తే అడుగు మొత్తం దిమ్మల మీద బయటపడుతుంది. గుల్లలు, నాచు అంగుళాల మందాన అంటుకుని ఉంటాయి. వాటితో ఓడ వేగం తగ్గుతుంది, బొగ్గు ఎక్కువ తాగుతుంది. వాటిని గీకి, ప్లేట్లను కొట్టి చూస్తారు. అనుభవమున్న సర్వేయరు సుత్తి శబ్దం వినే చెప్పేవాడు: గట్టి ప్లేటు ఖంగున మోగుతుంది, తరిగిపోయింది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట చిన్న రంధ్రం తొలిచి మందం కొలిచి మళ్లీ పూడ్చేవారు. ఇప్పుడు అదే పనిని రంధ్రం లేకుండా అల్ట్రాసౌండ్ యంత్రం చేస్తుంది. కొత్తగా వేసినప్పటి మందంలో పావువంతు దాకా తరిగితే ఆ ప్లేటు కోసేసి కొత్తది వేయమంటారు. చోటును బట్టి ఈ లెక్క కొంత అటూఇటూ అవుతుంది. 1926 నాటి ఓడలకు ప్లేట్లను వెల్డింగ్‌తో కాకుండా రివెట్లతో కలిపేవారు. లక్షల రివెట్లలో ఏది వదులైనా నీళ్లు ఊరేవి. చుక్కాని, ప్రొపెల్లర్ దగ్గర జింకు దిమ్మలు బిగిస్తారు. ఇనుముకు బదులు అవి కరిగిపోతాయి, కరిగినప్పుడల్లా మార్చాలి.

ఓడల అడుగు బాగుచేయడం మన తీరానికి తెలియని విద్యేం కాదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి, తాళ్లరేవు వడ్రంగులకు ఆ పేరుండేది. పోటు నీళ్లలో ఓడను గట్టు తవ్విన గుంతలోకి లాగేవారు. నోటికి మట్టికట్ట వేసి నీళ్లు తోడేస్తే అదే డ్రై డాక్. పని అయ్యాక కట్ట తెగ్గొడితే ఓడ తేలిపోతుంది. 1789, 1839 తుఫానులు కోరంగిని ముంచెత్తాయి. తర్వాత నది మేట వేసింది, ఇనుప ఆవిరి ఓడలొచ్చాయి, ఆ మట్టి డాకులు చిన్నవైపోయాయి. మన వడ్రంగుల చేతుల్లోంచి ఓడల మరమ్మతు జారిపోయి కలకత్తా, బొంబాయి, కొలంబోల పాలైన ఆ వైనం విడిగా ఒక భాగం రాయదగ్గది.

బాయిలర్ల లోపలి పని బయటి తుప్పుకన్నా కష్టం. రజూలా నడిచింది పాతకాలపు ఆవిరి యంత్రాలతోనే. నీళ్లు మరిగే కొద్దీ బాయిలర్ లోపల సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు మందం పెరిగితే ఆ చోట ఇనుము లోపలి నీటికి వేడిని అందించలేక తానే ఎర్రగా కాలి మెత్తబడుతుంది. అందుకని రేవులో మంట ఆర్పి, బాయిలర్ చల్లారాక, మనిషి భుజాలు ఒరుసుకుపోయే రంధ్రంలోంచి లోపలికి దూరి, దీపం వెలుగులో గొట్టాల మధ్య పడుకుని సుత్తితో పెచ్చు కొట్టేవారు. చల్లారిందన్నా లోపలి వేడి తెలియనిది కాదు. ఈ పని చేసినవాళ్ల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు. రజూలా అంతకాలం తిరిగిందంటే అందుకు మొదటి కారణం వాళ్లేనని నేననుకుంటాను.

ఈ పనంతా జరుగుతోందో లేదో చూసేదెవరు? టైటానిక్ మునిగాక 1914లో సముద్ర ప్రాణరక్షణకు తొలి అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. సోలాస్ అని పిలిచే ఆ ఒప్పందాన్ని 1929లో మళ్లీ రాశారు. అందరికీ చోటుండే లైఫ్‌బోట్లు కావాలన్నారు, అలారం కావాలన్నారు. అయితే అందులోనే ఒక వెసులుబాటు పెట్టారు. పడక లేని ప్రయాణికులను పెద్ద సంఖ్యలో మోసే ఓడలకు, అంటే హజ్ ఓడలు, కూలీల ఓడల వంటివాటికి, ఆ నియమాల్లో సడలింపు ఇవ్వవచ్చు. వాటికోసం విడిగా 1931లో సిమ్లాలో కొన్ని నియమాలు రాశారు. సిమ్లా రూల్స్ అనే ఆ నియమాలే 1971లో కొత్త ఒప్పందం వచ్చేదాకా నలభై ఏళ్లు నడిచాయి. చాప మీద పడుకున్నవాడికి ఒక కొలత, గదిలో పడుకున్నవాడికి ఇంకొకటి. అంతమందికీ సరిపడా పడవలు పెడితే టికెట్టు ధర పెరుగుతుంది, పేదవాడు ప్రయాణమే చేయలేడు అన్నది అప్పటి వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉండవచ్చు. కాని ఆ మాటను ఆ పేదవాడిని అడిగి రాసినవాళ్లు లేరు. నా మటుకు నాకు ఆ సడలింపు అన్యాయంగానే తోస్తుంది.

రజూలా తోబుట్టువు రోనాకు ఏం జరిగిందో చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో రెండు ఓడలనూ సైన్యం తీసుకుంది. 1943 నవంబరు 26న రోనా దాదాపు రెండువేలమంది అమెరికన్ సైనికులతో అల్జీరియా తీరం వెంట సూయెజ్ మీదుగా మన దేశానికే వస్తోంది. సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులు. జర్మన్ విమానం రేడియోతో నడిపే బాంబును వదిలింది. ఆ రకం ఆయుధం అప్పటికి కొత్తది. ఓడ పక్కటెముకలోంచి దూసుకుపోయింది. 1,015 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, వాళ్లతో పాటు సిబ్బందిలో నూరుమందికి పైగా. సముద్రంలో ఒకే ఓడ మీద అమెరికా అంతమందిని పోగొట్టుకోవడం అరుదు. కొత్త ఆయుధం సంగతి బయటికి పొక్కకూడదని ఏళ్ల తరబడి ఆ వివరాలు దాచారు.

బాంబు పడ్డది శత్రువు చేతిలోంచి. కాని ఆ తర్వాత జరిగిన దాంట్లో తుప్పుకు వాటా ఉంది. ఓడ మీద 22 లైఫ్‌బోట్లున్నాయి. నీళ్లలోకి దించగలిగింది ఎనిమిదింటినే. పేలుడుకు కొన్ని ముక్కలైపోయాయి, నిజమే. మిగిలిన వాటిలో చాలా కదల్లేదు. పడవను వేలాడదీసే ఇనుప చేతులు తుప్పుతో బిగుసుకుపోయాయని, కప్పీలు తిరగలేదని, రంగు మీద రంగు పడి అతుక్కుపోయాయని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

ఇప్పుడు హిమాయత్‌సాగర్ దగ్గరికి రండి. చేవెళ్ల, షాబాద్ వైపు కురిసిన వాన ఈసీలో పడి ఆ కట్ట వెనక చేరుతుంది. కట్టకు 17 గేట్లు. 2010లో ఎత్తాక దాదాపు పదేళ్లు వాటిని ఎత్తే అవసరమే రాలేదు. 2020 అక్టోబరు వానకు ఒక్కసారిగా వాటిని లేపాల్సి వచ్చింది. పదేళ్లూ గ్రీజు పెడుతూ, గొలుసులూ గేర్లూ చూసుకుంటూ, ఎండిన చెరువు ముందు నిలబడి గేటును కదిలించి చూసుకున్నవాళ్లు లేకపోతే ఆ రాత్రి అవి లేచేవి కావు. లైఫ్‌బోటును వేలాడదీసే చేతులు కూడా అలాంటివే. ఓడ జీవితంలో వాటితో అవసరం ఒక్కసారి వస్తే వస్తుంది, లేకపోతే రాదు. వాడని వస్తువుకు చేసే సంరక్షణ ఇది. ఖర్చు తగ్గించాలనుకున్న యజమాని కన్ను మొదట పడేదీ దాని మీదే. అందుకే ఈనాటి నియమాల్లో దీన్ని ఎవరి ఇష్టానికీ వదల్లేదు. ప్రయాణికుల ఓడల్లో వారం వారం డ్రిల్లు, మూడు నెలలకోసారి పడవను నిజంగా నీళ్లలోకి దించి నడిపి చూడటం, ఐదేళ్లు దాటకుండా వైరు తాళ్లు మార్చడం తప్పనిసరి.

యుద్ధం ముగిశాక రజూలా తిరిగి మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ దారికి వచ్చింది. ఎక్కించే జనాన్ని మునుపటికన్నా చాలా తగ్గించారు. తోటలకు కూలీలను పంపడం 1938లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కేది సెలవుకు వచ్చి వెళ్లే కుటుంబాలు, చిన్న వ్యాపారులు. 1955లో ఆంధ్ర సంఘం పెట్టుకున్న మలయా తెలుగువాళ్లలో ఎందరో ఊరు చూసుకోవడానికి ఈ ఓడెక్కే వచ్చేవారు. యుద్ధకాలపు ఓడలు ఒక్కొక్కటే ఇనుప తుక్కుగా మారుతున్నా రజూలా ఆగలేదు. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దాన్ని కొని రంగత్ అని పేరు మార్చింది. 1974లో బొంబాయిలో విరగ్గొట్టారు. పుట్టిన నాటి నుంచి లెక్కేస్తే 47 ఏళ్లు దాటింది.

దాని దారిలోకి వచ్చింది చిదంబరం. ఫ్రెంచివాళ్లు 1966లో పాస్టర్ పేరుతో దిగ్గజంలా కట్టుకుని దక్షిణ అమెరికాకు నడిపిన ఓడ అది. రజూలాకు రెట్టింపు పరిమాణం, ఏసీ, హంగులు. 1985 ఫిబ్రవరి 12న బంగాళాఖాతంలో అందులో మంటలు లేచాయి. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. అప్పటికి దానికి 19 ఏళ్లు కూడా నిండలేదు. ఆ ఓడ ఇక ప్రయాణికులను మోయలేదు. మద్రాసు సింగపూర్ ఓడ ప్రయాణం ఆ మంటతోనే ముగిసింది. ఓడల్లో మంట నీటికన్నా భయంకరమైనది. పారిపోయే చోటుండదు, చెక్క పలకలూ రంగులూ పరుపులూ వంతులవారీగా అంటుకుంటాయి, పొగ సన్నని నడవాల్లో నిండిపోతుంది.

ఇవే సంగతులు విలాసపు ఓడల చరిత్రలోనూ కనబడతాయి. 1960లో సెయింట్ నజేర్ రేవులో నీళ్లలో దిగిన ఫ్రాన్స్ అనే ఓడ పొడవు 315 మీటర్లు, అప్పట్లో ప్రపంచంలోనే పొడవైన ప్రయాణికుల ఓడ. విమానాలు దాని పొట్టకొట్టాక నార్వేవాళ్లు కొని నార్వే అని పేరుపెట్టి విహారయాత్రలకు వాడారు. 2003 మే 25న మయామీ రేవులో కట్టేసి ఉండగా దాని బాయిలర్ పేలి ఎనిమిదిమంది సిబ్బంది చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారించి, బాయిలర్ నడపడం, సంరక్షణ, తనిఖీలు సరిగా లేకపోవడం వల్ల లోహం అలసి పగుళ్లు పెరిగాయని తేల్చింది. తనిఖీ చేసిన సంస్థ సర్వేలు కూడా చాలలేదంది. ఎవరూ తాకని గదిలో జరగాల్సిన పని జరగలేదు. ఆ ఓడే బ్లూ లేడీ పేరుతో 2006లో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేరింది. లోపల ఆస్బెస్టాస్ ఉందని పెద్ద వివాదం నడిచి, 2007 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అనుమతించాక దాన్ని కోశారు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీల చేతుల్లో.

దానికి ఎదురుగా డౌలోస్‌ను చూడండి. 1914లో అమెరికాలో సరుకుల ఓడగా పుట్టి, వలసదారుల ఓడై, విహార నౌకై, చివరికి దేశదేశాలు పుస్తకాలు తిప్పే ఓడగా 2009 చివరిదాకా తిరిగింది. 95 ఏళ్లు! దాని ముందు నిలిచింది తుప్పు ఒక్కటే కాదు. 2010 అక్టోబరు నుంచి పాత ప్రయాణికుల ఓడల్లో కూడా మంటంటుకునే సామగ్రి ఉండరాదన్న సోలాస్ నియమం అమలుకొచ్చింది. చెక్క గోడలతో కట్టిన ఓడలను ఆ నియమానికి సరిపెట్టాలంటే ఖర్చు విపరీతంగా అవుతుంది. అలా ఎన్నో ముసలి ఓడలు రిటైరయ్యాయి. డౌలోస్ మాత్రం ఇండోనేసియాలోని బింటాన్ దీవిలో గట్టెక్కి హోటలైంది. ఆ నియమం మంచిదేనని నా నమ్మకం. చిదంబరం మీద ఆ రోజు చిక్కుకున్నవాళ్లు ఉంటే ఇదే చెప్పేవారు.

2022 జూన్‌లో విశాఖ రేవుకు కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ వచ్చినప్పుడు తీరమంతా పండగ. పుదుచ్చేరి, చెన్నై వైపు యాత్రలు. 11 అంతస్తులు, ఈతకొలను, థియేటరు. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఎంప్రెస్ కొత్త ఓడ కాదు. ఫ్రాన్స్ పుట్టిన సెయింట్ నజేర్‌లోనే 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా పుట్టింది. చేతులు మారుతూ, స్పెయిన్ సంస్థ దగ్గరికి వెళ్లి, 2016లో మళ్లీ పాత యజమాని రాయల్ కరీబియన్ దగ్గరికి వచ్చింది. అప్పుడు వంటశాలలు అమెరికా ఆరోగ్యశాఖ కొలతకు తగ్గట్టు లేకపోవడంతో కొన్ని యాత్రలు రద్దుచేసి మరీ వాటిని బాగుచేయించారు. పేరు పోగొట్టుకునే పనే అది, ఆదాయానికి దెబ్బ కూడా. అయినా టికెట్లమ్ముకుని ఆ తర్వాత చూసుకుందామనుకోలేదు. ఈ మొత్తం చరిత్రలో నాకు గౌరవం కలిగించిన నిర్ణయాల్లో అదొకటి.

అదే 1990లో ఇటలీలో పుట్టిన క్రౌన్ ప్రిన్సెస్ ఐదుసార్లు పేరు మార్చుకుని కర్ణికగా 2019లో ముంబై చేరింది. ఏడాది గడిచేసరికి కరోనా వచ్చింది, సంస్థ మూతపడింది, 2020 నవంబరులో ఓడ అలంగ్ ఒడ్డుకెక్కింది. ఒకే ఏడు పుట్టినవాటిలో ఒకటి తుక్కయింది, ఇంకొకటి మన రేవులో జనాన్ని ఎక్కించుకుంది. తుక్కైనదానికి అడుగు పాడైందని కాదు, దాన్ని నడిపే డబ్బు లేదని. ముసలి ఓడకు డబ్బు ఆగితే మొదట ఆగిపోయేది సంరక్షణే. అలా ఆగకముందే దాన్ని ఒడ్డెక్కించడం ఒకరకంగా నయం.

ఈ రోజు చేవెళ్లలో కూర్చుని విశాఖ క్రూయిజ్ టికెట్టు కొనేవాళ్లు రజూలా ప్రయాణికుల్లా చీకట్లో ఉండక్కర్లేదు. ప్రతి ఓడకూ ఏడంకెల ఐఎంఓ నంబరు ఒకటుంటుంది. పేరు ఎన్నిసార్లు మారినా, జెండా ఎన్నిసార్లు మారినా అది మారదు. ఈక్వాసిస్ అనే వెబ్‌సైటులో ఉచితంగా పేరు నమోదు చేసుకుని ఆ నంబరు కొడితే ఓడ ఏ ఏడు కట్టిందో, దాన్ని తనిఖీ చేసే క్లాస్ సంస్థ ఏదో, రేవుల్లో తనిఖీ అధికారులు ఎప్పుడు ఎక్కారో, లోపాలు దొరికి ఎప్పుడైనా ఆపేశారా అన్నది కనబడుతుంది. ప్రయాణికుల ఓడకు భద్రతా సర్టిఫికెట్టు ఏడాదికోసారి తిరిగి తీసుకోవాలి. అడుగు భాగాన్ని ఐదేళ్లలో కనీసం రెండుసార్లు డ్రై డాక్‌లో చూడాలి. మన దేశం సభ్యురాలిగా ఉన్న హిందూ మహాసముద్ర తనిఖీ ఒప్పందం కింద 1999 నుంచి మన రేవుకొచ్చే పరాయి జెండా ఓడలను కూడా మన అధికారులు ఎక్కి చూడొచ్చు, లోపముంటే కదలకుండా ఆపొచ్చు. ఎక్కాక మస్టర్ డ్రిల్లుకు, అంటే ప్రమాదంలో ఎక్కడ చేరాలో చూపే కసరత్తుకు, పిలిస్తే వెళ్లండి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. మీ లైఫ్‌బోటు ఏదో, దాని ఇనుప చేతులు ఎలా ఉన్నాయో ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. కీళ్ల దగ్గర గ్రీజు తడిగా ఉందా, రంగు పేరుకుని అతుక్కుపోయి ఉందా అన్నది నావికులు కానివాళ్లకు కూడా తెలుస్తుంది.

వచ్చే భాగంలో రంగూన్ రేవు: అక్కడ సరుకు దించిన తెలుగు కూలీలు, 1930 మే అల్లర్లు.